హైవే మీదే నొప్పి ఎక్కువ: ఒక డ్రైవింగ్ నడుంనొప్పి కేసు

విజయవాడలో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి పద్నాలుగేళ్లయింది. కారు నడిపేవాళ్ల నడుంనొప్పి నాకు కొత్త కాదు. మెడికల్ రెప్‌లు, ఫైనాన్స్ వసూళ్లకు తిరిగేవాళ్లు, రోజూ గుంటూరు వెళ్లొచ్చే లెక్చరర్లు ఎప్పుడూ వస్తూనే ఉంటారు. అయినా ఈ ఒక్క కేసునూ మొదటినుంచి చివరిదాకా రాసిపెట్టాలనిపించింది. మొదటి మూడు వారాలు నేను చేసిన వైద్యం పెద్దగా పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో ఆయన నా క్లినిక్‌లో మంచం మీద పడుకుని ఉన్నంతకాలం నాకు తెలియలేదు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. మూర్తిగారు అని పిలుచుకుందాం, అసలు పేరు అది కాదు.

వచ్చిన రోజు

మూర్తిగారికి 44 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, బరువు 86 కిలోలు. విత్తనాల కంపెనీలో ఏరియా మేనేజర్. వారంలో ఐదారు రోజులు కారు తీయాల్సిందే. ఒకరోజు ఏలూరు, ఒకరోజు నూజివీడు, ఒకరోజు మైలవరం మీదుగా తిరువూరు, ఇంకోరోజు గుడివాడ. రోజుకు సుమారు 150 కిలోమీటర్లు. కారు మాన్యువల్ గేర్ల హ్యాచ్‌బ్యాక్, కొని ఆరేళ్లు, అప్పటికి లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది.

నడుం కింద కుడివైపు మొదలై, పిరుదులోంచి తొడ వెనకగా పిక్క దాకా లాగుడు. ఐదు నెలల నుంచి ఇదే బాధ. కారెక్కిన పాతిక నిమిషాలకు మొదలవుతుంది. దిగగానే నిటారుగా నిలబడలేరు. డోరు పట్టుకుని నాలుగడుగులు వంగి నడిస్తే గానీ నడుం సర్దుకోదు. నొప్పిని 0 నుంచి 10 లోపు చెప్పమంటే పొద్దున 2, సాయంత్రానికి 7 అన్నారు. నడుంనొప్పి వల్ల రోజువారీ పనులు ఎంత దెబ్బతిన్నాయో చూసే ఆస్వెస్ట్రీ ప్రశ్నపత్రంలో 38 శాతం వచ్చింది. పని మానేసేంత కాదు. కానీ పని మీద, ఇంట్లో మనుషుల మీద విసుగు పుట్టించేంత.

చేతిలో ఎమ్మారై రిపోర్టు కూడా ఉంది. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం పూసల్లో నాలుగు, ఐదో పూసల మధ్య, డిస్క్ కొద్దిగా ఉబ్బిందని రాశారు. ఆయన టెన్షన్ అంతా దాని గురించే.

"డిస్కు జారిందట డాక్టర్ గారూ. ఆపరేషన్ దాకా పోతుందా?"

ఇలాంటి భయంతో వచ్చేవాళ్లకు నేను ముందు ఒక లెక్క చెబుతాను. ఏ నొప్పీ లేనివాళ్లకు తీసిన స్కాన్‌లన్నిటినీ కలిపి చూసిన ఒక పెద్ద సమీక్ష 2015లో వచ్చింది. నలభై ఏళ్ల వయసున్న, ఏ బాధా లేని మనుషుల్లో సగం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. ఎనభై ఏళ్లవాళ్లలో అది 84 శాతం. తల నెరిసినట్టే ఇదీ. నొప్పికి అదే కారణమని రిపోర్టు ఒక్కటి చూసి తేల్చలేం. అలాగని కొట్టిపారేయనూ లేం, అందుకే చేత్తో పరీక్షించాలి.

పరీక్షించాను. మోకాలి, మడమ రిఫ్లెక్సులు రెండువైపులా సమానం. కాలి బొటనవేలి బలం బాగుంది, స్పర్శ బాగుంది. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, జ్వరం, బరువు తగ్గడం లాంటివి ఏవీ లేవు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఫిజియోథెరపీ పక్కనపెట్టి ఆ రోజే సర్జన్ దగ్గరికి పంపేదాన్ని. వెల్లకిలా పడుకోబెట్టి కాలు చాపి పైకెత్తితే ఎడమ కాలు 80 డిగ్రీల దాకా వచ్చింది, కుడికాలు 60 దగ్గరే లాగింది. కూర్చోబెట్టి నడుం గూనిగా వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, మోకాలు చాపించే స్లంప్ టెస్ట్‌లో కుడివైపు ఆయన చెప్పిన నొప్పే అచ్చంగా వచ్చింది. తల పైకెత్తగానే తగ్గింది. అంటే కండరం కన్నా నరం లాగుడు పాలు ఎక్కువ. ఈ స్లంప్ టెస్ట్ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పర్సు గురించి అడిగాను. మగవాళ్ల వెనక జేబులో లావు పర్సు పిరుదు కింద నరాన్ని నొక్కి కాలు లాగేలా చేస్తుందని 1978లోనే ఒక అమెరికా వైద్య పత్రికలో రాశారు. స్నేహితుడెవరో చెబితే మూర్తిగారు అప్పటికే రెండు నెలలుగా పర్సు డ్యాష్‌బోర్డులో పెడుతున్నారు. తేడా లేదు.

మూడు వారాల డైరీ

వేడి కాపడం, ఐఎఫ్‌టీ అనే కరెంటు చికిత్స, బోర్లా పడుకుని నడుం వెనక్కి వంచే వ్యాయామం, నరాన్ని మెల్లగా కదిలించే వ్యాయామం, పిరుదుల బలానికి వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తే బ్రిడ్జింగ్. మూడు వారాల్లో తొమ్మిది సిట్టింగులు. మంచం దిగేటప్పుడు "హాయిగా ఉందండీ" అనేవారు. మర్నాడు సాయంత్రానికి మళ్లీ మొదటికే. 7 కాస్తా 6 అయింది, అంతే.

మొదటి వారంలోనే ఆయన చేత ఒక చిన్న డైరీ రాయించడం మొదలుపెట్టాను. ఏ రోజు, ఏ ఊరు, ఎక్కడ నొప్పి మొదలైంది, ఎంత. నాలుగు గడులు, నాలుగు మాటలు. మూడో వారం చివర ఆ కాగితాలు వరసగా పరుచుకుని చూస్తే నేననుకున్నదానికి తలకిందులుగా ఉంది.

నా అనుమానం గతుకుల మీద. అది ఉత్తి అనుమానం కాదు. కూర్చున్న మనిషి శరీరం కింది నుంచి వచ్చే అదుర్లలో సెకనుకు 4 నుంచి 6 సార్లు ఊగేవాటికి ఎక్కువగా స్పందిస్తుంది. ఆ వేగంలో వెన్నెముక, పొట్టలోని అవయవాలు అదురును ఇంకా పెంచుకుంటాయి. అందుకే యూరప్‌లో ట్రాక్టర్లు, లారీలు నడిపేవాళ్లు రోజుకు ఎంత అదురు భరించవచ్చో 2002లో చట్టమే చేశారు. ఎనిమిది గంటల సగటు 0.5 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ దాటితే యాజమాన్యం జాగ్రత్తలు తీసుకోవాలి, 1.15 దాటనే కూడదు. కాబట్టి మన పల్లె రోడ్ల మీద తిరిగే మనిషికి నడుం పట్టేస్తే ముందు తోచేది గతుకులే.

కానీ డైరీలో తిరువూరు వెళ్లొచ్చిన రోజుల్లో నొప్పి 4, 5. నూజివీడు లోపలి ఊళ్లు తిరిగిన రోజు 4. ఏలూరు రోజుల్లో 7, 8. ఏలూరు వెళ్లేది నున్నటి ఎన్‌హెచ్ 16 మీద! అరవై కిలోమీటర్లు, గంట ప్రయాణం. రోడ్డు బాగున్న రోజే నడుం బాగోలేదు.

ఇంకో గడి మీద కూడా నా చూపు ఆగింది. ఒక గురువారం ఆయన తోటి ఉద్యోగి కారు నడిపాడు, మూర్తిగారు పక్క సీట్లో కూర్చున్నారు. అదే కారు, అదే ఏలూరు రోడ్డు. నొప్పి 2.

ఆ రాత్రి చాలాసేపు దీని గురించే ఆలోచించాను. కారు అదే, రోడ్డు అదే, దూరం అదే. మారింది ఒక్కటే: స్టీరింగ్ ముందు కూర్చోవడం. పల్లె రోడ్డు మీద గేరు మార్చాలి, క్లచ్ తొక్కాలి, బ్రేకు వేయాలి, గేదెలకు ఆగాలి, ప్రతి పది పదిహేను కిలోమీటర్లకు ఒక డీలర్ షాపు దగ్గర దిగాలి. కాళ్లూ నడుమూ కదులుతూనే ఉంటాయి. హైవే మీద ఐదో గేరులో పడ్డాక కుడి పాదం యాక్సిలరేటర్ మీద ఒకే కోణంలో గంటసేపు అలాగే ఉండిపోతుంది.

మర్నాడు ఫోన్ చేసి, ఈసారి మంచం దగ్గరికి కాదు, కిందే ఉండండి, నేనే పార్కింగ్‌లోకి వస్తానని చెప్పాను.

పార్కింగ్‌లో

"రోజూ హైవే మీద ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి, నా కోసం సర్దుకోవద్దు" అన్నాను. ఆయన కూర్చున్నారు. డోరు తెరిచి పక్కన నిలబడి చూస్తే రెండు నిమిషాల్లో చాలావరకు అర్థమైపోయింది. ముందే ఎందుకు దిగిరాలేదా అని బాధ కలిగింది.

సీటు పట్టాల మీద చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. మోకాళ్లు స్టీరింగ్ కింద తగులుతున్నాయని అలా పెట్టుకున్నారట. అంత వెనకనుంచి పెడల్ అందాలంటే కుడికాలు దాదాపు పూర్తిగా చాపాలి. కొలిస్తే మోకాలి దగ్గర 150 డిగ్రీలు వచ్చింది. 95 నుంచి 135 మధ్య ఉంటే మోకాలికి సుఖం. సీటులో వీపు ఆనించే వాలు కూడా బాగా వెనక్కి ఉంది. స్టీరింగ్ దూరమైంది కాబట్టి దాన్ని అందుకోవడానికి భుజాలు వాలు నుంచి పైకి లేచి ముందుకొచ్చేశాయి.

ఇక్కడ మన కార్ల సంగతి ఒకటి చెప్పాలి. చాలా కార్లలో, అందులోనూ తక్కువ ధర మోడళ్లలో, స్టీరింగ్ పైకీ కిందకీ మాత్రమే కదులుతుంది. ముందుకు లాక్కునే వీలుండదు. కాళ్లు పొడుగున్న మనిషి కాళ్లకు సరిపెట్టుకుంటే చేతులకు అందదు, చేతులకు సరిపెట్టుకుంటే మోకాళ్లు తగులుతాయి. కొనేముందు షోరూములో పది నిమిషాలు కూర్చుని చూసేవాళ్లు తక్కువ. మైలేజీ అడుగుతాం, టచ్ స్క్రీన్ అడుగుతాం, స్టీరింగ్ ముందుకొస్తుందా అని అడగం.

తర్వాత దిండు. నొప్పి మొదలైన కొత్తలో ఆన్‌లైన్‌లో తెప్పించిన మెమరీ ఫోమ్ నడుం దిండు. మందం 10 సెంటీమీటర్లు. నడుం వంపులో పట్టాల్సిన దిండు వీపు మధ్యలోకి జారి ఉంది. దాని వల్ల మనిషి మొత్తం సీటులో ముందుకు నెట్టుకుపోయాడు. పిరుదులకు, సీటు మూలకు మధ్య నా అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ. అంటే నడుం కింది భాగానికి ఆసరానే లేదు. సీటు ముందు అంచు తొడ కింద నొక్కుతోంది. పైగా రెక్సిన్ సీటు కవరు నున్నగా జారుతుంది, ప్రతి బ్రేకుకూ కటి ఎముక ఇంకొంచెం ముందుకు జారి గూని పెరుగుతుంది. తల వెనక మెడ దిండు ఒకటి. అది తలను ముందుకు తోసి గడ్డాన్ని కిందకు దించుతోంది. వెనకనుంచి ఏదైనా బండి గుద్దితే తలను ఆపాల్సింది హెడ్‌రెస్ట్. మధ్యలో దిండు పెడితే తలకూ దానికీ దూరం పెరుగుతుంది. ఆ దిండు నాకు అసలు నచ్చదు.

ఇప్పుడు ఈ ముక్కలన్నీ కలిపి చూడండి. నడుం గూనిగా ఉంది, గడ్డం కిందకు దిగింది, మోకాలు చాచి ఉంది. నేను క్లినిక్‌లో నరం లాగుడు తెలుసుకోవడానికి అర నిమిషం చేయించే స్లంప్ టెస్ట్ భంగిమ ఇదే. దాన్ని ఆయన ఏలూరు వెళ్లేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంట చేస్తున్నారు. నేను వారానికి మూడుసార్లు నరాన్ని సుఖపెడుతుంటే, కారు వారానికి ఆరు రోజులు దాన్ని సాగదీస్తోంది.

కాలు చాపితే నడుం ఎందుకు గూనవుతుందో కూడా ఆయనకు సీటులోనే చూపించాను. తొడ వెనక కండరాలు కటి ఎముక నుంచి మోకాలి కింది దాకా ఉంటాయి. మోకాలు చాపితే అవి బిగిసి కటి ఎముకను కింద నుంచి లాగుతాయి, అది వెనక్కి తిరుగుతుంది, నడుం వంపు చదునవుతుంది. కీగన్ అనే అమెరికన్ సర్జన్ 1953లో రకరకాల భంగిమల్లో ఎక్స్‌రేలు తీసి, తుంటి దగ్గర కోణం 90కి తగ్గేకొద్దీ నడుం వంపు ఎలా పోతుందో చూపించాడు. 135 డిగ్రీల దగ్గర వంపు సహజంగా ఉంటుందన్నాడు. కారులో అంత కోణం కుదరదు. కానీ మోకాలు కొంచెం మడిచి, తుంటిని కొంచెం ఎత్తులో పెడితే కటి ఎముక మీద ఆ లాగుడు తగ్గుతుంది.

చివరిగా సీటు దిమ్మె మీద బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లాను. ఎడమవైపు గట్టిగా ఉంది. కుడివైపు, డోరు పక్కన, వేలు లోపలి రేకుకు తగిలింది. ఆరేళ్లుగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ 86 కిలోలు మొదట పడేది ఆ అంచు మీదే. పలక అడ్డంగా పెట్టి మేస్త్రీలు వాడే రసమట్టం ఉంచి చూస్తే కుడివైపు దాదాపు 2 సెంటీమీటర్లు దిగి ఉంది. కటి ఎముక కుడికి ఒరిగే ఉంటోంది. పర్సు తీసేసినా తేడా ఎందుకు రాలేదో ఇదీ కొంత చెబుతుంది.

సర్దుబాటు

ముందు కవరు, రెండు దిండ్లు తీయించాను. ఇంకొక మాట. సీటు పక్కనుంచి విచ్చుకునే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకు ఇలాంటి కుట్టు కవర్లు వేస్తే ఎయిర్‌బ్యాగ్‌కు అడ్డం వస్తాయి. మూర్తిగారి కారుకు అది లేదు, కానీ ఇది చదివేవాళ్ల కారుకు ఉండొచ్చు.

సీటు పక్కన ఎత్తు పెంచే లివర్ ఉంది. ఆరేళ్లలో ఆయన దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. పొడుగు మనిషిని కదా, కిందే బాగుంటుందనుకున్నారు. నెత్తికీ పైకప్పుకూ మధ్య పిడికిలి పట్టేంత వదిలి మిగతా ఎత్తంతా వాడుకున్నాం. మోకాళ్ల కన్నా తుంటి కాస్త పైకి వచ్చింది. స్టీరింగ్‌ను పైకి లేపి మోకాళ్లకు చోటిచ్చాం. అప్పుడు సీటును ముందుకు జరపడం వీలైంది. ఎంత ముందుకంటే, క్లచ్ అడుగుదాకా తొక్కినా ఎడమ మోకాలు కొంచెం మడిచే ఉండాలి. వాలును లేపాం. పిరుదులు సీటు మూలకు ఆనించి, భుజాలు వాలుకు తగిలిస్తూ చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద పడాలి. అదే సమయంలో ఛాతీకీ స్టీరింగ్ మధ్యభాగానికీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి ఆ జాగా కావాలి. టేపుతో కొలిస్తే 31 ఉంది. కుడి మోకాలు 150 నుంచి 128కి వచ్చింది.

వాలు పూర్తిగా నిటారుగా ఉండాలా అని అడిగారు. అక్కర్లేదు. స్వీడన్‌కు చెందిన నాకెమ్‌సన్ 1960ల్లో డిస్కులోకి సూది పెట్టి పీడనం కొలిచి, నిలబడ్డప్పటి కన్నా కూర్చున్నప్పుడు డిస్కు మీద బరువు ఎక్కువని చెప్పాడు. మా పాఠాల్లో చాలాకాలం అదే చదివాం. 1999లో జర్మనీలో విల్కే బృందం మళ్లీ కొలిస్తే, వదులుగా కూర్చున్నప్పుడు నిలబడ్డప్పటితో దాదాపు సమానంగానే ఉంది. వెనక్కి ఆనుకుంటే ఇంకా తగ్గింది, ముందుకు వంగితే బాగా పెరిగింది. కాబట్టి వెనక్కి ఆనుకోవడం తప్పు కాదు. ఆనుకోవడానికి వాలు మనిషిని అందుకోవాలి, మనిషి కూడా వాలును అందుకోవాలి.

నడుం ఆసరాకు ఇంట్లో వాడే చిన్న తువ్వాలు చాలన్నాను. బెల్టు ఎత్తులో, నొక్కాక 3 సెంటీమీటర్లకు మించని మందంలో మడత. ఇరవై నిమిషాలు పెట్టుకోవాలి, తర్వాత తీసి పక్కన పెట్టాలి, మళ్లీ పెట్టుకోవాలి. ఎంత మంచి ఆసరా అయినా గంటల తరబడి ఒకేచోట నొక్కితే అదీ బాధే. తువ్వాలులో ఉన్న సుఖం, దాన్ని మార్చుకోగలగడం.

దిమ్మె పని నా వల్ల కాదు. ఆటోనగర్‌లో సీట్ల పని చేసే మేస్త్రీ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన కవరు విప్పకుండానే రెండుచోట్ల పిడికిలితో గుద్ది చెప్పేశాడు.

"ఈ పక్క ఫోమ్ చచ్చిపోయిందండి. పైన ఇంకో పొర వేయమంటారు అందరూ. కింద చచ్చింది ఉంచి పైన వేస్తే ఏం లాభం?"

ఆ మాట విని ఆయన మీద గౌరవం పెరిగింది. పాత ఫోమ్‌లో కుడి ముక్క కోసి తీసి, 40 డెన్సిటీ ముక్క అతికించి, అసలు సీటు ఆకారానికి చెక్కాడు. మెత్తగా ఉంటే సుఖమని మనం అనుకుంటాం. మెత్తటి ఫోమ్ షాపులో ఐదు నిమిషాలు కూర్చుంటే బాగుంటుంది, గంటకు కూర్చునే ఎముకలు అడుగుకు దిగిపోతాయి. పైన నూలు గుడ్డ కవరు. మొత్తం మూడు వేల లోపే అయింది, ఆ రెండు దిండ్లూ కవరూ కలిపి అయిన ఖర్చు కన్నా తక్కువ.

టైర్లలో గాలి కూడా చూశాం. మైలేజీ కోసం 40 కొట్టిస్తున్నారు. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద కంపెనీ రాసిన అంకెకు తగ్గించమన్నాను. గతుకులు అసలు కారణం కాకపోయినా, కొంత అదురు తగ్గడం మంచిదే.

అన్నిటికన్నా కష్టంగా ఒప్పుకున్నది ఆగడం. "గంట ప్రయాణానికి మధ్యలో ఆగడమేంటండీ?" అన్నారు. హనుమాన్ జంక్షన్ దగ్గర మూడు నిమిషాలు చాలన్నాను. దిగి, చేతులు నడుం మీద పెట్టుకుని పదిసార్లు వెనక్కి వంగి, కారు చుట్టూ రెండుసార్లు నడిచి ఎక్కడమే. టీ తాగుతారో లేదో ఆయనిష్టం. మంచం మీద చేయించే వ్యాయామాలు మార్చలేదు, సిట్టింగులు వారానికి ఒకటికి తగ్గించాను.

ఎనిమిది వారాలు

మొదటి వారం ఆయనకు అంతా వింతగా ఉంది. భుజాలు నొప్పన్నారు, స్టీరింగ్ మరీ మీదకు వచ్చినట్టుందన్నారు. ఆరేళ్ల అలవాటు కదా. రెండో వారం ఏలూరు రోజు 5. నాలుగో వారం 3. ఐదో వారంలో రాజమండ్రిలో పెళ్లికి ఆలస్యమైందని ఎక్కడా ఆగకుండా నడిపారు. మర్నాడు మళ్లీ 7, డోరు పట్టుకుని వంగి నడవడం. చాలా నిరుత్సాహపడ్డారు. నాకు మాత్రం అది ఉపయోగపడింది. సీటు సరిగ్గా ఉన్నా, సుమారు 150 కిలోమీటర్లు ఒకే భంగిమలో కూర్చుంటే నరం ఊరుకోదని ఆయనే చూశారు. మూడు రోజుల్లో తగ్గింది.

ఏడో వారంలో ఆయన్ని ఒక సాయం అడిగాను. రెండు రోజులు పాత నడుం దిండు మళ్లీ పెట్టి చూడమన్నాను, మిగతావేవీ మార్చకుండా. మొదటి రోజు 2 నుంచి 3. రెండో రోజు 5. తీసేశాక రెండు రోజులకు మళ్లీ 2. దిండు పాత్ర ఎంతో దీంతో కొంత తెలిసింది. కానీ నిజం చెప్పాలంటే సీటు ఎత్తు, జరుపు, దిమ్మె, ఆగడం అన్నీ దాదాపు ఒకేసారి మార్చాను. దేని వల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేను. నొప్పితో ఉన్న మనిషి మీద ఒక్కొక్కటే ప్రయోగం చేస్తూ నెలలు గడపడం నాకు ఇష్టం లేదు.

ఎనిమిదో వారం చివర సాయంత్రం నొప్పి 2, ఆస్వెస్ట్రీ 14 శాతం. కుడికాలు చాపి ఎత్తితే 75 డిగ్రీలు. ఆగకుండా కూర్చోగలిగే సమయం పాతిక నిమిషాల నుంచి 70కి వచ్చింది. ఎమ్మారై మళ్లీ తీయించలేదు, అవసరం కనిపించలేదు. ఆ డిస్కు ఉబ్బు ఇప్పటికీ అలాగే ఉండొచ్చు.

తిరుపతి

తొమ్మిదో వారంలో కుటుంబంతో తిరుపతి ప్రయాణం పెట్టుకున్నారు. దాదాపు 400 కిలోమీటర్లు. వద్దంటాననే భయంతోనే అడిగారు. వెళ్లమన్నాను. కాకపోతే తెల్లవారాక బయల్దేరి, చిలకలూరిపేట, ఒంగోలు, కావలి, నెల్లూరు, నాయుడుపేట ఇలా ఎక్కడెక్కడ ఆగాలో ముందే రాసుకోమన్నాను.

ఆయన కన్నా నాకు ఎక్కువ ఆందోళన వెనక సీట్లో కూర్చునే 70 ఏళ్ల వాళ్లమ్మగారి గురించి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో, అది బస్సైనా రైలైనా కారైనా, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. మొత్తం మీద ముప్పు చిన్నదే, సుమారు ఆరువేల మందిలో ఒకరికి. కానీ వయసు, బరువు, ఈమధ్య ఆపరేషన్, క్యాన్సర్ లాంటివి ఉంటే పెరుగుతుంది. అమ్మగారు పొట్టి మనిషి, పాదాలు నేలకు ఆనవు. సీటు అంచు తొడల కింద నొక్కి కాళ్లు వేలాడతాయి. సాయంత్రానికి పాదాలు ఉబ్బడం ఆవిడకు మామూలేనట. పాదాల కింద బట్టల బ్యాగు పెట్టమన్నాను, ప్రతి అరగంటకు మడమలు పైకీ కిందకీ ఆడించమన్నాను, ఆగిన ప్రతిచోటా దించి నడిపించమన్నాను. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా ఇంటికి వచ్చేదాకా ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలని కూడా చెప్పాను.

నీళ్ల సంగతి గట్టిగా చెప్పాను. మన ఇళ్లలో ఆడవాళ్లు ప్రయాణం అనగానే ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేస్తారు. దారిలో శుభ్రమైన టాయిలెట్ దొరకదన్న భయం. అది వాళ్ల తప్పు కాదు. ఎక్కడ ఆగితే వాళ్లకు ఇబ్బంది ఉండదో ముందే చూసిపెట్టడం బండి నడిపేవాళ్ల పని. మూర్తిగారు ఆగే చోట్ల జాబితా ఆవిడకూ, భార్యకూ చూపించి మరీ ఖాయం చేశారు.

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా భార్య నడిపారట. ఆవిడ ఎత్తు 5 అడుగుల 2. సీటు పూర్తిగా మార్చేసుకున్నారు. నెల్లూరులో మళ్లీ ఈయన ఎక్కినప్పుడు పాత కొలతలు ఎక్కడున్నాయో దొరక్క తంటాలు పడ్డారు. నాయుడుపేట దాకా కుడి పిరుదు లాగుతూనే ఉంది. అక్కడ ఆగి, క్లచ్ తొక్కి చూసుకుని, మణికట్టు స్టీరింగ్ మీద ఆనించి మొదటినుంచి సర్దుకుంటే గానీ తగ్గలేదు. తిరుపతి చేరేసరికి 3.

తిరిగొచ్చాక చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు నన్ను ఆయనే కిందకు పిలిచారు. సీటు పట్టా మీద రెండు చుక్కలు పెట్టి ఉన్నాయి. ఎరుపు నెయిల్ పాలిష్‌తో ఆవిడది, తెలుపు పెయింట్‌తో ఈయనది. ఎత్తు లివర్‌కు ఎన్ని నొక్కులో చిన్న కాగితం మీద రాసి అద్దం పక్కన అంటించారు. తువ్వాలు మడత వెనక సీట్లో, అమ్మగారి పక్కన ఉంది.